బ్రేక్ ఆయిల్ అనే అపశబ్దం

తెలుగు పండితుడు మోటారుసైకిలు గురించి వ్రాయటమేమిటని ఈ పుట తెరిచినవారు ముక్కున వేలు వేసికోవచ్చు. వేసికొన్న వేలు తీయకుండానే చదవండి. నాకు యంత్రశాస్త్రం రాదు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల జిల్లా పరిషత్తు పాఠశాలల్లో ముప్పైయేండ్లకు పైగా సంధులూ సమాసాలూ చెప్పి, పదవీ విరమణ చేసి, హిందూపురంలో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. నా బండి డ్రమ్ము బ్రేకుల పాత స్కూటరు. దానికి ఉక్కుతీగ ఉంటుంది గాని ద్రవం ఉండదు. ఐనా ఈ విషయం వ్రాసే అధికారం నాకున్నదనే నమ్ముతున్నాను. నేను చెప్పబోయే ప్రమాదానికి మూలం చెడిన యంత్రభాగం కాదు, చెడిన మాట. తప్పు మాటలు దిద్దటం నేను జీతం తీసికొని చేసిన పని. ఇప్పుడు జీతం లేకుండా చేస్తున్నాను.

పోయిన శ్రావణంలో ధర్మవరం నుంచి నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేశాడు. పట్టుచీరల నేతగాడు. “అయివారూ, చెయ్యి ఇరిగింది” అన్నాడు. కుడి మణికట్టు. శ్రావణమంటే ధర్మవరంలో చీరకు గిరాకీ ఉండే నెల. నాడె ఆడాలంటే రెండు చేతులూ ఆడాలి. ఒక చేయి కట్టులో ఉంటే మగ్గం గుంట ఖాళీగా ఉంటుంది. తలకు హెల్మెట్ ఉండబట్టి ప్రాణం దక్కింది. “బ్రేకు పడలేదా నాయనా?” అని అడిగాను. “పడింది అయివారూ. పడి, వదల్లేదు” అన్నాడు. ఈ జవాబు నాకు అర్థం కావటానికి రెండు వారాలు పట్టింది. అర్థమైన తరువాత నిద్ర పట్టలేదు.

జరిగినది ఇది. అతడు ముందుచక్రానికి డిస్కు బ్రేకున్న బండి ఒకటి పాతది కొన్నాడు. దానిమీద చీరల మూట కట్టుకొని ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చి అంగళ్ళకు వేసి పోతుంటాడు. ఒకనాడు బ్రేకు మీట చేతిపిడికి దగ్గరగా వస్తున్నదని పెనుకొండలో రోడ్డుపక్క ఒక మరమ్మతుల అంగడి దగ్గర ఆపాడు. అక్కడివారు మీట దగ్గరి చిన్న డబ్బీకి ఉండే గాజు కంటిలోకి చూచి, “బ్రేక్ ఆయిల్ అయిపోయింది” అన్నారు. మూత విప్పి, ఇంకో బండికి పోయగా మిగిలిన ఇంజన్ ఆయిల్ పోశారు. గాలి తీశారు. డబ్బు తీసికొన్నారు. ఆనాడు బ్రేకు బ్రహ్మాండంగా పట్టిందట. ఆ తరువాత మూడు వారాలూ పట్టింది. మెల్లమెల్లగా బండి బరువెక్కినట్టయింది, ఎవరో వెనుకనుంచి పట్టుకొని లాగుతున్నట్టు. పెట్రోలు ఎక్కువ తాగసాగింది. మీట గట్టిపడింది. గట్టిపడితే మంచిదేననుకొన్నాడు. ఒకరోజు సోమందేపల్లి దాటిన తరువాత వేగనిరోధకం దగ్గర మీట నొక్కాడు. ముందుచక్రం పట్టేసింది, వదలలేదు. బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు, చీరల మూట మరొక దిక్కు.

నేను బస్సెక్కి పెనుకొండ పోయాను, ఆ అంగడి మనిషిని నాలుగు మాటలు అడగాలని. పెనుకొండలో ఏ అంగడి ముందు నిలబడినా నా శిష్యుడో, శిష్యుని కొడుకో కనిపిస్తాడు. ఇది నా గొప్ప కాదు, వయస్సు. ఈ మెకానిక్కు కూడా ఎనిమిదో తరగతి వరకు నా దగ్గర చదివినవాడే. నన్ను చూచి లేచి, చేతి నూనె తుడుచుకొని, కూర్చోమని డబ్బా బోర్లించాడు. కోపంతో పోయినవాణ్ణి ఆ డబ్బామీద కూర్చొని అడిగాను, ఇంజన్ ఆయిల్ ఎందుకు పోశావని. “బ్రేక్ ఆయిల్ అయిపోయింటే ఆయిల్ పోస్తిమి. ఇంగేం పోయమంటారు సార్, నీళ్ళా?” అన్నాడు.

వెటకారం కాదు. అమాయకంగానే అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. అతని భాషలో, అంటే మన భాషలో, యంత్రంలో పోసేవి రెండే. ఒకటి నీళ్ళు, ఒకటి ఆయిలు. మొదటిది కాకపోతే రెండవది. తర్కంలో తప్పు లేదు. తప్పు మాటలో ఉంది.

ఆ మాటను కాస్త విప్పి చూద్దాం. తిలలనుంచి వచ్చినది తైలం. నువ్వులకు నెయ్యి చేరి నూనె అయింది. మా హిందూపురం వీధుల్లో సగం వినిపించే కన్నడంలోని ఎణ్ణె కూడా అంతే, ఎళ్ళు అనే నువ్వులతో నెయ్యి కలిసినదే. ఇంగ్లీషువారి ఆయిల్ లాటిన్ మీదుగా వచ్చిన ఆలివుపండు బిడ్డ. నాలుగు భాషల్లోనూ ఆ మాట పుట్టుకలో ఒక గింజో, ఒక పండో ఉన్నది. తరువాత అది వ్యాప్తి చెంది భూమిలోనుంచి తోడిన జిడ్డుకూ పేరయింది. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అర్థవ్యాకోచమని మేము తరగతిలో చెప్పేది దాన్నే. కాని బ్రేకు గొట్టంలో ఉండవలసిన పదార్థానికి గింజతోనూ సంబంధం లేదు, భూమిలోని జిడ్డుతోనూ సంబంధం లేదు. అది గ్లైకాల్ జాతి రసాయనం. నీటిలో కలిసిపోతుంది. నూనె అనే మాటకు లోకం ఎరిగిన మొదటి లక్షణమే నీటిలో కలియకపోవటం కదా! నీటిలో కలిసే నూనె ఏ నిఘంటువులో ఉన్నది? ఆ పేరు ఈ పదార్థానికి పెట్టటం వ్యాకోచం కాదు, అపశబ్దం.

“పేరుదేముంది మాస్టారూ, పని చూడాలి గాని” అనేవారుంటారు. పనే చూద్దాం. మీట నొక్కితే చేతి దగ్గర డబ్బీ కింద ఒక చిన్న ముషలకం ద్రవాన్ని తోస్తుంది. ద్రవం అణగదు కాబట్టి ఆ తోపు గొట్టంగుండా పోయి చక్రం దగ్గరి ముషలకాన్ని నెడుతుంది. అది రెండు పలకలను డిస్కుకు అదుముతుంది. పదిహేడవ శతాబ్దిలో పాస్కల్ చెప్పిన నియమమే. ద్రవం బయటికి కారకుండా ఈ రెండు చోట్లా రబ్బరు ముక్కలుంటాయి. ప్రాణమంతా ఆ రబ్బరులో ఉన్నది. ఆ రబ్బరును గ్లైకాల్ ద్రవంలో నానుతూ ఉన్నా తట్టుకొనే జాతిగా ఎంచి పెట్టారు, ఈపీడీఎం అనేది వాటిలో ప్రసిద్ధమైనది. అదే రబ్బరుకు ఖనిజతైలం తగిలిందా, నీటిలో వేసిన సెనగల్లాగా ఉబ్బుతుంది. ఇంజన్ ఆయిల్ ఖనిజతైలమే. ఇంజనుకు అది అమృతం. ఈ రబ్బరుకు విషం.

ఒక్క రాత్రిలో ఉబ్బదు. అదే ఇందులోని మోసం. ఉబ్బే లోపల బ్రేకు బాగానే పట్టుతుంది. అంగడివాడు బండి ఒక చుట్టు తిప్పి చూచి బాగున్నదంటాడు. నిజమే చెబుతాడు. తరువాత ఏమవుతుంది? మీట వదిలినప్పుడు ద్రవం వెనక్కు డబ్బీలోకి మరలటానికి సూదిబెజ్జమంత దారి ఒకటి ఉంటుంది. ఉబ్బిన రబ్బరు ఆ దారిని మూసేస్తుంది. వెనక్కు పోలేని ద్రవం పలకలను డిస్కుకు అంటించే ఉంచుతుంది. అంటుకొని తిరిగితే వేడి. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. వ్యాకోచిస్తే ఇంకా గట్టిగా అదుముతుంది. ఇంకా వేడి. చెయ్యి నొక్కకుండానే బ్రేకు తనను తాను నొక్కుకొంటుంది. చక్రం దగ్గరి రబ్బరుది ఇంకొక కథ. నొక్కినప్పుడు కాస్త వంగి, వదలగానే తిరిగి నిటారై ముషలకాన్ని వెంట్రుకవాసి వెనక్కు లాగటం దాని పని. ఉబ్బినది ఆ పని చేయలేదు. నా శిష్యుడు చెప్పిన “పడి, వదల్లేదు” అనే రెండు ముక్కలకు భాష్యం ఇంత.

నామవాచకం తప్పని చెప్పాను. క్రియ కూడా తప్పే. “అయిపోయింది” అన్నారు కదా, బ్రేకు ద్రవం అయిపోదు. ఇంజన్ ఆయిల్ కొంచెం కాలుతుంది, తరుగుతుంది. ఇది మూసిన గొట్టంలోని వస్తువు, ఖర్చు అనేది దీనికి లేదు. డబ్బీలో మట్టం దిగిందంటే కారణాలు రెండు. పలకలు అరిగి ముషలకం ముందుకు జరిగినందువల్ల ద్రవం అక్కడికి చేరి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. మొదటిదైతే పలకలు మార్చాలి, రెండవదైతే కారే చోటు బాగుచేయాలి. ఊరికే పోసి పంపటమంటే, ఇల్లు కురుస్తున్నదని మొరపెట్టుకొంటే కింద పెట్టుకొనేందుకు గిన్నె ఇవ్వటం. సరైన ద్రవమే పోసినా అది సగం తప్పే. తప్పు ద్రవం పోస్తే పూర్తి తప్పు. చూడండి, మూడు మాటల వాక్యం: బ్రేక్ ఆయిల్ అయిపోయింది. అందులో బ్రేకు ఒక్కటే నిజం.

చరిత్ర తెలిసినవారు ఇక్కడ నన్ను ఆపవచ్చు. హైడ్రాలిక్ బ్రేకులు కొత్తగా వచ్చిన రోజుల్లో వాటిలో ఆముదమూ ఆల్కహాలూ కలిపి పోసేవారు కదా అని. నిజమే, పోసేవారు. అప్పుడు రబ్బరు చెట్టుపాల రబ్బరు. ఆముదానికీ దానికీ పొత్తు కుదిరింది. కాబట్టి ఆ రోజుల్లో బ్రేక్ ఆయిల్ అన్నవాడు అబద్ధమాడలేదు. తరువాత పదార్థం మారింది, రబ్బరు మారింది, పేరు మాత్రం పాత గోడకు మేకులా మిగిలిపోయింది. ఆముదం పోయినా ఆముదపు జిడ్డు పోలేదన్నమాట. పాతపేరు కొత్తవస్తువుకు నిలిచిపోవటం భాషలో మామూలే. చాలాచోట్ల హాని లేదు. ఇక్కడ ఉంది.

హాని పెరిగిన కాలం కూడా గుర్తుంచుకోవాలి. నేను ఉద్యోగంలో చేరిన నాటికి మా ప్రాంతంలో బండి అంటే తీగ బ్రేకే. 1999లో వచ్చిన హీరో హోండా సీబీజెడ్, 2001లో వచ్చిన బజాజ్ పల్సర్ లాంటివాటితో ముందుచక్రం డిస్కు మన ఊళ్ళ యువకుల కళ్ళబడింది. అప్పుడది షోకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలన్న నిబంధన వచ్చింది. దానితో అది షోకు కాక అవసరమైంది. పట్టణంలోని షోరూములో శిక్షణ పొందినవారి చేతిలో ఉండవలసిన వ్యవస్థ ఇరవైయేండ్లలో పల్లె రావిచెట్టు కింది అంగడికి చేరింది. సామాను చేరింది, దానితో రావలసిన జ్ఞానం దారిలో ఆగింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ప్రతి కారు నాలుగు చక్రాలకూ ఈ ద్రవం చుక్క తేడా లేకుండా నింపే యంత్రాలు అక్కడ ఉన్నాయి. ఆ కర్మాగారానికి కూతవేటు దూరమనదగ్గ పట్టణంలో నా శిష్యుడి బండికి ఇంజన్ ఆయిల్ పోశారు. పోసినవాడు తెలివితక్కువవాడు కాదు. ఇంజను విప్పి కళ్ళు మూసుకొని బిగించగలడు.

ఆ డబ్బీ మూతమీద అక్షరాలున్నాయి. నేను కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. మూత తెరిచే ముందు తుడవమనీ, సీలు విప్పని డబ్బాలోని డాట్ 3 గాని డాట్ 4 గాని అయిన ద్రవం మాత్రమే పోయమనీ చెక్కి ఉన్నది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. చిత్రమేమంటే అక్కడ ఆయిల్ అనే మాట లేదు, ఫ్లూయిడ్ అనే ఉంది. అక్కడ రాసినవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకొనే వ్రాశాడు. కాని ఎవరికి వ్రాశాడు? అలాంటి హెచ్చరిక మూతమీద ఉండాలనేది అమెరికావారి నియమం, అదే వాక్యం సముద్రాలు దాటి మన బళ్ళమీదికి వచ్చింది. ఎనిమిదో తరగతితో తెలుగు మాధ్యమం చదువు ఆపినవాడి చేతికింద ఆ వాక్యం రోజుకు పదిసార్లు పోతుంది. అది అతనికి అక్షరం కాదు, నగిషీ.

తెలుగులో ముద్రించటం సాధ్యం కాదనే మాట నా దగ్గర చెల్లదు. మా జిల్లా వేరుసెనగ రైతు ఇంట్లో పురుగుమందు డబ్బా చూడండి. ఎంత విషమో చెప్పే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులుంటాయి. చదువు రానివాడికి రంగు, చదువు వచ్చినవాడికి లోపల ప్రాంతీయభాషలో కూడా కరపత్రం ఉండాలని చట్టం చెబుతుంది. రైతు ప్రాణానికి తెలుగు పనికివచ్చినప్పుడు, బండి నడిపేవాడి ప్రాణానికి పనికిరాదా? గుప్పెడంత సీసాకు నాలుగు వాక్యాలు పట్టవా? ధర చూపే అంకె పట్టింది, వ్యాపారచిహ్నం మూడు రంగుల్లో పట్టింది.

ఇంగ్లీషు వస్తే చాలు, ప్రమాదాలుండవని నేను అనటం లేదు. బెంగుళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేసే మా బంధువుల అబ్బాయి ఒకడున్నాడు. నా శిష్యుడి కథ విని, “నేను అట్లాంటి పొరపాటు చేయను మామయ్యా, డాట్ 4 బదులు డాట్ 5 తెప్పించినాను, ఇంకా మంచిది” అన్నాడు. అంకె పెద్దదైతే వస్తువు గొప్పదని ఎవరు చెప్పారు? నేను పట్టుబట్టి బండితో వచ్చిన పుస్తకం తీయించాను. డాట్ 3, 4, 5.1 ఒక గోత్రం. మూడూ గ్లైకాల్ జాతివి, ఒకదానితో ఒకటి కలుస్తాయి. డాట్ 5 సిలికోన్, వేరే వంశం. వీటితో కలవదు, ఏబీఎస్ బండ్లకు సాధారణంగా పనికిరాదు. ఐదుకూ ఐదు పాయింటు ఒకటికీ మధ్య ఒక చుక్క, ఒక అంకె. అర్థానికీ అర్ధానికీ మధ్య కూడా అంతే తేడా అని తరగతిలో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేను. థకారం వ్రాయవలసిన చోట ధకారం వ్రాస్తే మార్కు పోతుంది. ఇక్కడ పోయేది మార్కు కాదు. అబ్బాయి సీసా వెనక్కు పంపాడు. మెకానిక్కుకు చదవటం రాదు, ఇతనికి చదవటం వచ్చును గాని చదవలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దోషి అంటే నా ఓటు రెండవవాడికే.

ఇక్కడ ఒక న్యాయం చెప్పకపోతే వాదం ఒంటెత్తు అవుతుంది. ద్రవానికి దానంతట అది తప్పు కాదు. హార్లీ డేవిడ్‌సన్ బండ్లు చాలాకాలం డాట్ 5 తోనే నడిచాయి. వాటికి అదే సరి, డాట్ 4 పోస్తే అది తప్పు. కొన్ని ఖరీదైన తొక్కుడు సైకిళ్ళకు హైడ్రాలిక్ బ్రేకులుంటాయి. షిమానో వారివైతే వాటిలో ఖనిజతైలమే పోయాలి. అక్కడ రబ్బరు వేరు, అక్కడ గ్లైకాల్ పోస్తే ఆ రబ్బరు చెడుతుంది. కాబట్టి మంచి ద్రవం, చెడ్డ ద్రవం అనే విభాగం కూడా కుదరదు. పాత్రకు తగినదేదో ఆ పాత్రమీదే వ్రాసి ఉన్నది. చదవాలి. చదవగల లిపిలో ఉండాలి. నా వాదం ఈ రెండు వాక్యాలే. తక్కినదంతా నా కోపం.

ఆ కోపంలో కొంత మనమీద కూడా ఉంది, మిత్రులారా. తెలుగులో టైపు చేయటమే ఒక సాహసంగా ఉన్న ఆ తొలిరోజుల్లో మనం ఎన్ని మాటలు పుట్టించాం! అంతర్జాలం అన్నాం, జాలస్థలి అన్నాం, టపా అన్నాం, వ్యాఖ్య అన్నాం. మౌసును ఎలుక అనాలా వద్దా అని అర్ధరాత్రి దాకా వాదించుకొన్నవారం. నేనూ వాదించాను, మూషికమన్నానేమో కూడా. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను, నా జీవితంలోని మంచి రాత్రులవి. కాని మన పుట్టింపులన్నీ మన బల్లమీది వస్తువులకే. రోడ్డుపక్క నూనెచేతుల మనిషి వాడే ఒక్క మాటనైనా మనం పట్టించుకొన్నామా? అతడు మన చదువరి కాడు గనుక అతని మాట మన సమస్య కాలేదు. మన నిఘంటువు చర్చల్లో మాస్టర్ సిలిండరుకు చోటు లేదు.

మాట కొత్తగా పుట్టించవలసిన పని కూడా లేదు, అదే నన్ను బాధించేది. తెలుగు మాధ్యమం భౌతికశాస్త్ర పుస్తకంలో పాస్కల్ నియమం ఉంది. అక్కడ ద్రవం ఉంది, పీడనం ఉంది. బడిలో పిల్లవానికి సరైన మాటే ఇచ్చారు. బడి మానేసి అంగట్లో చేరిన రోజున ఆ మాట లాక్కొని ఆయిల్ చేతిలో పెట్టారు. బ్రేకు ద్రవం అంటే చాలు. రోధకద్రవమని నేను ప్రతిపాదిస్తే మీరు నవ్వుతారు, మెకానిక్కు పారిపోతాడు. ఒక మిత్రుడు బ్రేకు రసం అన్నాడు, వడ్డించమంటారేమోనని వదిలేశాం. బ్రేకు నీరు అసలే వద్దు. నీళ్ళు పోసేవారూ ఉన్నారు. నీరు నూరు డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఆవిరి అణుగుతుంది, మీట చేతిపిడిని తాకినా బండి ఆగదు.

సరైన ద్రవానికీ ఈ నీటి గండం తప్పదు. గ్లైకాల్ జాతి గాలిలోని తేమను తాగుతూ ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు, డాట్ 4 కనీసం 230 వరకు మరగకూడదని ప్రమాణం. తేమ పట్టిన తరువాత ఆ కనీసం 140కి, 155కి దిగుతుంది. అందుకే సీలు విప్పని డబ్బా అన్నది, అందుకే రెండేండ్లకొకసారి, లేదా బండి పుస్తకం చెప్పిన గడువుకు మార్చమన్నది. పెనుకొండ అంగట్లో అసలైన బ్రేకు ద్రవం సీసా కూడా ఒకటి ఉండినది. సగం ఖాళీ. మూత పోతే గుడ్డపీలిక కుక్కి ఉన్నది. ఎన్నాళ్ళదని అడిగితే, “పోయిన ఉగాదిదో, అంతకు ముందుదో సార్” అన్నాడు. ఉండీ ఎందుకు పోయలేదంటే, “అది కార్లకు సార్” అన్నాడు.

ఆ రోజు అతని ముందే ఒక పరీక్ష చేశాను. పనికిరాని గాజుసీసాలో నీళ్ళు తెప్పించి, ఆ ద్రవం కొంచెం పోశాను. కలిసిపోయింది. ఇంకొక సీసాలో ఇంజన్ ఆయిల్ పోశాను. తేలింది. ఇంట్లో చేయదలచినవారు తినే తాగే పాత్రలు వాడవద్దు, అది విషం. రంగు వేసిన రేకుమీద పడితే రంగు కూడా లేస్తుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. మెకానిక్కు రెండు సీసాలనూ ఎత్తి వెలుగులో చాలాసేపు చూశాడు. “ఇది ఆయిలే గాదు గదా సార్” అన్నాడు. ముప్పైయేండ్ల పాఠాల్లో అంత తృప్తినిచ్చిన జవాబు నాకు రాలేదు. తరువాత అతడే నా శిష్యుడి బండి తెప్పించి, డబ్బు తీసికొనకుండా పనిచేశాడు. కడిగి కొత్త ద్రవం పోస్తే సరిపోదు, నూనె తాగిన రబ్బరు ముక్కలన్నీ, గొట్టంతో సహా మార్చాలి. మార్చాడు. విరిగిన చెయ్యి మాత్రం తన గడువు తాను తీసికొన్నది. శ్రావణం పోయింది, కార్తికంలో మగ్గమెక్కాడు. పాత వేగం ఇంకా రాలేదంటాడు.

అంగట్లో అంటించటానికి నేనొక కాగితం వ్రాసిచ్చాను. “సీలు విప్పని డబ్బాలోని, మూతపై సూచింపబడిన సంఖ్యగల బ్రేకు ద్రవమును మాత్రమే పోయవలెను” అని. మెకానిక్కు చదివి తల గోక్కున్నాడు. “సార్, ద్రవమును అంటే ఎవురూ సదవరు. నేనే రెండుసార్లు సదివితి. ‘బ్రేకులో ఆయిల్ పోయొద్దు’ అని పెద్దగా రాయండి” అన్నాడు. నిషేధార్థకమే సరైనదని ఒప్పుకొని అలాగే వ్రాశాను, ఎర్ర సిరాతో. కింద చిన్న అక్షరాలతో ద్రవాన్ని కూడా ఇరికించాను. పండితుడికి ఆ మాత్రం పట్టుదల ఉండాలి.

ఆ చేతి దగ్గరి డబ్బీలో ఉబ్బే రబ్బరు ముక్కకు మా హిందూపురంలో ‘వాషర్’ అనీ, పెనుకొండలో ‘కప్పు’ అనీ అంటున్నారు. ధర్మవరంలో ఒకాయన ‘బుడ్డ’ అన్నాడు. మీ ఊళ్ళలో ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా వ్రాయండి. వ్యాఖ్యలలో వ్రాసినా సరే.